వరద తగ్గినాక మిగిలే జాబితా: మూసీ నుంచి హైటెక్ సిటీ దాకా వైద్య సహాయ చరిత్ర

ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకొని దాదాపు 150 మంది బతికారని చెప్తారు. ఆ చెట్టు కింద సభలు జరిగాయి, పత్రికల్లో వ్యాసాలొచ్చాయి. చెట్టు చరిత్రకెక్కింది. చెట్టెక్కినవాళ్ళ పేర్లు ఎక్కలేదు. ఆ వరదలో పోయినవాళ్ళు 15 వేల మంది దాకా ఉంటారని అంచనా. ఆ శవాలను బురదలోంచి తీసిందెవరు, ఎవరి భుజాలు మోసినయి, ఆ పనికి వాళ్ళకు ముట్టిందేమిటి అన్న ప్రశ్నలు మన చరిత్రకారులు పెద్దగా వేయలేదు.

ఇప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో అద్దాల మేడల్లో నడిచే ఆస్పత్రులు, మందుల కంపెనీలు, వాటికి సాంకేతిక సేవలందించే కంపెనీలు తమ వార్షిక నివేదికల్లో ఒక అధ్యాయం తప్పనిసరిగా రాసుకుంటున్నాయి. వరదొచ్చినా, తుఫానొచ్చినా, మహమ్మారొచ్చినా తాము సమాజానికి అండగా నిలబడ్డామని అందులో ఉంటుంది. అది అబద్ధమని మేము అనటంలేదు. మందులిచ్చారు, శిబిరాలు పెట్టారు, అంబులెన్సులు నడిపారు. దానివల్ల ప్రాణాలు నిలిచినవాళ్ళున్నారు. అయితే ఇది పూర్తిగా ఇచ్చేవాడు రాసుకున్న చరిత్ర. పుచ్చుకున్నవాడి చరిత్ర ఇందులో లేదు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ నడుమ మూట మోసినవాడి చరిత్ర అసలే లేదు.

అందుకని ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలు పట్టుకొని నూట పదిహేడేళ్ళ చరిత్రను తిరగేయదలచుకున్నాం. ఒకటి, సాయం అందాల్సినవాళ్ళ జాబితా ఎవరు రాస్తారు? రెండు, సాయాన్ని మోసేదెవరు? మూడు, దాని లెక్క ఎవరికి చెప్తారు?

1. మూసీ ఒడ్డున

1908 వరదలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. కోల్సావాడి, ఘాన్సీబజార్ వంటి పేటలు నేలమట్టమయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తన మహళ్ళ తలుపులు తెరిపించి అన్నం పెట్టించాడు. ప్రభువు దయ గురించి కథలు ఈనాటికీ చెప్పుకుంటారు. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి పథకం వేశాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. 1912లో నగర అభివృద్ధి బోర్డు ఏర్పడింది. కొట్టుకుపోయిన ఆస్పత్రి స్థానంలో 1925 నాటికి ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి భవనం లేచింది.

ఈ వరసలో మనం ఒక సంగతి గమనించాలి. రాచరికం కాలంలో సాయం అనేది ప్రభువు దయే. కాకపోతే ఆ దయ కాస్తా ఆనకట్టగా, ఆస్పత్రిగా, వార్డుగా గట్టిపడింది. వందేళ్ళు దాటినా పేదవాడు చీటీ రాయించుకొని ఉస్మానియాలో పడుకోగలిగాడంటే అందుకే. దయ సంస్థగా మారినప్పుడు అది హక్కుకు దగ్గరగా వస్తుంది. ఈ మాట తర్వాత మళ్ళీ అవసరమవుతుంది.

అదే కాలంలో అదే నగరంలో మన చరిత్ర ఇంకోటి నడిచింది. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం స్థాపించాడు. ఆది హిందూ ఉద్యమం చాలామందికి సభలుగా, బడులుగా, జోగినీ దురాచార వ్యతిరేకతగా మాత్రమే తెలుసు. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా నగరాన్ని పట్టిన రోజుల్లో ఆ ఉద్యమ కార్యకర్తలు రోగుల దగ్గరికి పోయారు, అనాథ శవాలకు అంత్యక్రియలు చేశారు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో రెండు సంపుటాలుగా అచ్చేసిన హైదరాబాద్ దళితోద్యమ చరిత్ర వంటి పుస్తకం లేకపోతే ఆ తరం పనిలో చాలా భాగం మనకు తెలిసేదే కాదు. పుణెలో 1897 మార్చి 10న సావిత్రిబాయి ఫూలే చనిపోయింది కూడా ప్లేగు రోగులకు సేవ చేస్తూ, ఆ రోగం తనకంటుకునే. ఆమె కొడుకు యశ్వంత్ డాక్టరు. ఆ తల్లీకొడుకులు నడిపిన ప్లేగు వైద్యశాల వెనక ఏ కంపెనీ లేదు, ఏ ప్రభువూ లేడు.

అంటే విపత్తులో సమాజానికి అండగా నిలబడటం ఎవరో వచ్చి మనకు నేర్పిన విద్య కాదు. అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టింది. అంటురోగమొచ్చి ఊరివాళ్ళు తమ రోగిని తామే అంటనప్పుడు, తమ శవాన్ని తామే ముట్టనప్పుడు, ముట్టుకున్నది అంటరానివాళ్ళే. దీన్ని సేవ అని ఎవరూ రాయలేదు. వాళ్ళ కులవృత్తి అనుకున్నారు.

2. దివిసీమలో

1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచింది. కృష్ణా జిల్లాలో సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్ళు ఒక్క పూటలో స్మశానాలయ్యాయి. దాదాపు 10 వేల మంది పోయారు. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? తాటాకు గుడిసెల్లో ఉన్న కూలీలు, మత్స్యకారులు. ఉప్పెనకు కులం లేదని అంటారు. నిజమే, నీళ్ళకు కులం లేదు. ఇళ్ళకు ఉంది. ఊరు మెరక మీద ఉంటుంది, పల్లె పల్లంలో ఉంటుంది. డాబా ఎక్కినోడు బతికాడు, తాటాకు కప్పు ఎక్కినోడు కప్పుతో సహా పోయాడు. దీన్ని ప్రకృతి వైపరీత్యం అని సగమే అనగలం. మిగతా సగం ఊరి నిర్మాణం.

ఆ తర్వాత సాయం వచ్చింది. దేశం నలుమూలల నుంచి బియ్యం, బట్టలు, మందుల పెట్టెలు వచ్చాయి. సినిమా నటులు జోలె పట్టారు. మతసంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళను దత్తత తీసుకొని ఇళ్ళు కట్టాయి. కోస్తాలో చాలా స్వచ్ఛంద సంస్థలు వేళ్ళూనుకున్నది ఆ కాలంలోనే. ‘దత్తత’ అన్న మాటను మనం కాస్త ఆగి చూడాలి. దత్తత తీసుకునేది బిడ్డని. బిడ్డ అడగదు, లెక్క చూడదు, పెట్టింది తింటది. ఒక ఊరు ఊరంతా, అందులో నడివయసు మనుషులు, కష్టం చేసి బతికినోళ్ళు, ఒక్క రాత్రిలో బిడ్డలైపోయారు.

మాలో కోస్తా నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ఆనాటి మాట ఒకటి ఇంకా మిగిలి ఉంది. బియ్యం మూటలు తెచ్చి గుడి అరుగు మీద దించారట. మనవాళ్ళు ఆ అరుగెక్కేవాళ్ళు కాదు. కింద నిలబడితే, ఊళ్ళో అందరికీ పంచినాక మిగిలింది కిందికి వచ్చింది. వచ్చినవాళ్ళు మంచోళ్ళే, కులం అడగలేదు. కానీ లారీ ఎక్కడ ఆపాలో ఊరిపెద్దను అడిగారు. అంతే జరిగింది.

ఇది ఒక ఊరి ముచ్చట మాత్రమే కాదు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులకు సాయంలో జరిగిన వివక్షను హక్కుల సంఘాలు నమోదు చేశాయి. సముద్రం మీద పడవ ఉన్నవాడు బాధితుడిగా లెక్కకొచ్చాడు. ఆ పడవ మీద, ఉప్పుమడిలో, పొలంలో కూలి చేసినవాడు పోగొట్టుకున్న ఆస్తి లేదు గనక జాబితాలో రాలేదు. పోయినదాన్నిబట్టి సాయం చేస్తామంటే, పోగొట్టుకోవటానికి ఏమీ లేనివాడికి ఏమీ రాదు. జాబితా రాసే పద్ధతిలోనే కులం కూర్చొని ఉంటది.

1985 జూలై 17 కారంచేడు మారణకాండ ప్రకృతి చేసింది కాదు. అయినా ఇక్కడ చెప్పాలి. చీరాల శిబిరానికి చేరినవాళ్ళు అక్కడ తిండీ బట్టా మందులతో పాటు న్యాయం కావాలని అడిగారు. ఆ శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టింది. సాయం తీసుకునేవాడు బిడ్డ కాదని, పౌరుడని తెలుగు నేల మీద చూపించిన శిబిరం అది. దివిసీమకూ చీరాలకూ మధ్య ఎనిమిదేళ్ళే. వచ్చిన తేడా మాత్రం చిన్నది కాదు.

3. బాలానగర్ నుంచి మాదాపూర్‌కు

ఇక కంపెనీల సంగతి. హైదరాబాద్‌లో మందుల పరిశ్రమ మొదట ప్రభుత్వానిది. 1961లో సోవియట్ సహకారంతో పుట్టిన ఐడీపీఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. 1970 పేటెంటు చట్టం తోడయింది. మందులు చవకగా తయారుచేసే విద్య ఈ నేలకు పట్టుబడింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించాడు. అక్కడ పని నేర్చినవాళ్ళు ఇంకా చాలామంది సొంత కంపెనీలు పెట్టారు. ఈ రోజు నగరాన్ని మందుల రాజధాని అంటున్నారంటే ఆ పునాది ప్రజాధనంతో వేసింది.

ఐడీపీఎల్‌లో ఎస్సీ ఎస్టీ రిజర్వేషన్లు ఉండేవి. అందులోంచి పుట్టిన కంపెనీల్లో లేవు. మన తరానికి ముందు తరంలో ఒక దళిత కుటుంబం నుంచి ఒకడు మందుల ఫ్యాక్టరీలో పర్మినెంటు ఉద్యోగి కావడానికి బాలానగర్‌లో దారి ఉండింది. 1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా సంస్థగా ప్రకటించారు. రెండేళ్ళకే, 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. టెట్రాసైక్లిన్ కావాల్సి వచ్చేసరికి ప్రభుత్వానికి ఆ ఖాయిలా సంస్థే అక్కరకొచ్చింది. లాభం లేదని పక్కన పెట్టిన సంస్థ విపత్తులో ఎందుకు పనికొచ్చిందో అప్పుడే చర్చించి ఉండాల్సింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని మూసేయాలని నిర్ణయించింది.

పటాన్‌చెరు, బొల్లారం వైపు జరిగింది మరో కథ. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. చెరువులు, బోర్లు పాడయ్యాయి. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అక్కడి వ్యర్థజల శుద్ధికేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షిస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. శుద్ధి అయినాక సంగతి ఇది! ఒక్క రాత్రిలో వచ్చే వరదను విపత్తు అంటాం. ముప్ఫై ఏళ్ళు మెల్లగా పారే వరదను అభివృద్ధి అంటాం. మొదటి దానికి మందుల పెట్టెలొస్తాయి. రెండోదానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి హైటెక్ సిటీని ప్రారంభించాడు. మాదాపూర్, కొండాపూర్, ఖానామెట్, నానక్‌రాంగూడ అప్పటిదాకా ఊళ్ళు. ఊరంటే అందులో మాదిగవాడ, మాలవాడ కూడా ఉన్నట్టే. పొలం పోయిన పట్టాదారుకు కనీసం డబ్బు ముట్టింది. ఆ పొలంలో కూలికి పోయినోళ్ళు అదే నేల మీద లేచిన భవనాల్లో ఊడ్చేవాళ్ళుగా, కాపలావాళ్ళుగా మిగిలారు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు, వాళ్ళను కాపాడబోయిన దారినపోయే మనిషితో కలిపి నలుగురు ఊపిరాడక చనిపోయారు. మనుషుల్ని మురుగులో దించకూడదనే చట్టం 2013లోనే వచ్చింది. సైబరాబాద్ భూగర్భంలో ఆ చట్టం అమలు కాలేదు.

4. నూట ఎనిమిది

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్ఐ సంస్థ నడిపింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ తెలివిని పేదవాడి ప్రాణానికి జోడించిన పని ఇది, దీన్ని తక్కువ చేయలేం. అంతకు ముందు పల్లెలో నొప్పులొచ్చిన ఆడకూతుర్ని మంచం మీద మోసుకుపోయేవాళ్ళు. ఫోను చేస్తే బండి వాడలోకి వచ్చింది. డ్రైవరు కులం అడగలేదు. మన వాడల్లో ఆ బండికి దక్కిన గౌరవం ఏ మంత్రికీ దక్కలేదు.

అయితే దాని లెక్క చూద్దాం. కొద్దికాలానికే నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం ప్రభుత్వ ఖజానా నుంచి వచ్చింది. పేరు మాత్రం కంపెనీ దాతృత్వానిది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడింది. ఆ దాత ఏమయ్యాడో అందరం చూశాం. బండ్లు ఆగలేదు. జీవీకే సంస్థ పగ్గాలు తీసుకుంది. అదే ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు 108 అనే నెంబరు పనిచేస్తూనే ఉంది. ఎందుకు ఆగలేదు? దాత దయ మీద కాక, ప్రజల డబ్బు మీద, డ్రైవర్ల, వైద్య సహాయకుల కష్టం మీద నడుస్తోంది గనక. దాత పోయినా సేవ మిగిలిందంటే ఆ సేవ మొదటినుంచీ దాతది కాదన్నమాట. ఆ బండ్లు నడిపినోళ్ళు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు ఉద్యోగులుగానే ఉండి, ఉద్యోగ భద్రత కోసం సమ్మెలు చేయాల్సి వచ్చింది.

5. రెండు శాతం

2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 500 కోట్ల నికర విలువ ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. విపత్తు సహాయం, పునరావాసాన్ని 2019లో ఆ చట్టం ఏడో షెడ్యూలులో చేర్చారు. ఇలా చూస్తే కంపెనీ ఇచ్చేది దానం కాదు, చట్టం పెట్టమన్న ఖర్చు. అయినా శిబిరం ముందు కట్టే బ్యానరు మీద ‘వితరణ’ అనే ఉంటది!

2020లో ఈ చట్టం కులపు ముఖం ఎట్లా ఉంటదో చూపించింది. మార్చి 23న కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ కరోనా మీద పెట్టే ఖర్చు సామాజిక బాధ్యత లెక్కలోకి వస్తుందని చెప్పింది. ఏప్రిల్ 10న ఇంకో వివరణ ఇచ్చింది. పీఎం కేర్స్ నిధికి ఇస్తే లెక్కలోకి వస్తుంది. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే రాదు. లాక్‌డౌన్‌లో కాంట్రాక్టు కార్మికులకు, దినకూలీలకు ఇచ్చే జీతం లెక్కలోకి రాదు, అది యజమాని నైతిక బాధ్యత. జీతానికి పైన ఇచ్చే బహుమానం మాత్రం ఒక్కసారికి లెక్కలోకి తీసుకోవచ్చు.

మాట సరైనదే. జీతం దానం కాదు, బాధ్యతే. అయితే ఆ బాధ్యతను అమలు చేసిందెవరు? పూర్తి జీతాలివ్వాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశమిచ్చింది. యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. మే 18 నుంచి ఆ ఆదేశమే లేకుండా పోయింది. జూన్ 12న కోర్టు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దంది, కార్మికులతో మాట్లాడి తేల్చుకోమంది. ఫలితం ఏమిటంటే, హౌస్‌కీపింగ్ మనిషికి జీతం ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. ఆ జీతం ఇవ్వని డబ్బుతో సరుకుల సంచులు కొని బస్తీలో పంచితే అది సామాజిక బాధ్యత. హక్కుగా రావాల్సింది ఆగిపోయి, దానంగా ఇచ్చింది లెక్కకెక్కింది. ఏ ఒక్క కంపెనీనో తప్పుపట్టటానికి ఇది చెప్పటం లేదు. చట్టమే ఆ వీలు ఇచ్చింది.

6. ఆ రెండేళ్ళు

2020 మార్చిలో ఐటీ ఉద్యోగి ల్యాప్‌టాప్ తీసుకొని ఇంటికి పోయాడు. ఊడ్చే మనిషి, క్యాంటీన్ మనిషి, క్యాబ్ డ్రైవరు ఇంటికి తీసుకుపోవటానికి ఏముంది? అద్దాల మేడల వెనక అంజయ్యనగర్, సిద్ధిఖ్‌నగర్ వంటి బస్తీల్లో ఇరుకు గదుల్లో ఉండిపోయారు. భవనాలు కట్టే వలస కూలీలు నడక మొదలుపెట్టారు. కంది దగ్గర ఐఐటీ నిర్మాణ కూలీలు ఏప్రిల్ 29న తిరగబడ్డాక, మే 1 తెల్లవారుజామున దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయల్దేరింది. హైటెక్ సిటీకి కూతవేటు దూరం. దయతో వచ్చిన రైలు కాదు, అడిగితే వచ్చిన రైలు.

వైద్యం సంగతి చూస్తే, మొదటి నెలల భారమంతా గాంధీ ఆస్పత్రి మీదే పడింది. ప్రభుత్వం గచ్చిబౌలి క్రీడాగ్రామం టవరును 1,500 పడకల ఆస్పత్రిగా మార్చాలని నిర్ణయించింది. సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీల ఉమ్మడి సంస్థ అయిన సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ అంబులెన్సులు, భోజనాలు, ప్లాస్మా దాతల సమాచారం ఏర్పాటు చేసింది. చాలామంది యువ ఉద్యోగులు నిజాయితీగా రాత్రింబగళ్ళు తిరిగారు. అది చరిత్రలో ఉండాలి.

మరి ఈ చరిత్ర కూడా ఉండాలి. ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు లక్షలకెక్కేసరికి ప్రభుత్వం 2020 జూన్ 15న జీవో 248 తెచ్చింది. రోజుకు మామూలు వార్డుకు 4,000, ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో అయితే 9,000 రూపాయలని గరిష్ఠ ధరలు కట్టింది. ఆగస్టులో ఎక్కువ వసూలు చేశాయన్న ఫిర్యాదుల మీద నగరంలో రెండు ఆస్పత్రుల కోవిడ్ అనుమతి రద్దు చేసింది. అదే ఏడాది హైకోర్టులో ఇంకో ప్రశ్న వచ్చింది. పేదలకు కొన్ని పడకలు ఉచితంగా ఇవ్వాలన్న షరతు మీద రాయితీకి ప్రభుత్వ భూమి తీసుకున్న ఆస్పత్రులు ఆ షరతు పాటించాయా అని. అంటే పేదవాడికి రావాల్సిన పడక ఏ కంపెనీ దాతృత్వమూ కాదు. భూమి ఇచ్చిన రోజే దాని ధర ప్రజలు కట్టేశారు.

మోసినవాళ్ళ సంగతి. 2020 జూలైలో గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు, నాలుగో తరగతి సిబ్బంది సమ్మెకు దిగారు. రోగి పక్కన నిలబడ్డది, మలమూత్రాలు తీసింది, శవాన్ని సంచిలో చుట్టింది వాళ్ళు. చప్పట్లు కొట్టారు, హెలికాప్టర్ల నుంచి పూలు చల్లారు. వాళ్ళడిగింది జీతం, పర్మినెంటు ఉద్యోగం. నగరంలో మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికుల్లో ఎవరు ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా శవాలను ముట్టిన కులాలవాళ్ళే 2020లోనూ ముట్టారు. నూరేళ్ళలో యూనిఫారం వచ్చింది, పేరు మారింది. కూలి మాత్రం కాంట్రాక్టరు చేతుల మీదుగా వస్తోంది.

టీకా రోజులు ఇంకా స్పష్టంగా చెప్తాయి. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ కోవాగ్జిన్ తయారుచేసింది. 2021 మే 1 విధానం ప్రకారం టీకాల్లో 25 శాతం ప్రైవేటు ఆస్పత్రులకు పోయాయి. జూన్ 6న మాదాపూర్ హైటెక్స్‌లో ఒక కార్పొరేటు ఆస్పత్రి, సైబరాబాద్ పోలీసులు, ఐటీ కంపెనీల మండలి కలిసి ఒక్కరోజులో 40 వేల మందికి టీకాలు వేసే శిబిరం పెట్టారు. ముందుగా నమోదు చేసుకొని డబ్బు కట్టినవాళ్ళకు. రెండు రోజుల తర్వాత కేంద్రం ప్రైవేటులో కోవాగ్జిన్‌కు 1,410 రూపాయలు గరిష్ఠ ధర కట్టింది. జూన్ 21 నుంచి 18 ఏళ్ళు నిండిన అందరికీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితమయింది.

దీనికి కొద్దిగా ముందు, మే 28 నుంచి, రాష్ట్ర ప్రభుత్వం ఆటోడ్రైవర్లకు, కూరగాయలమ్మేవాళ్ళకు, గ్యాసు బండ మోసేవాళ్ళకు, రేషన్ డీలర్లకు ఉచితంగా టీకా వేయించింది. మంచిపనే. కానీ ఆ జాబితాకు పెట్టిన పేరు ‘సూపర్ స్ప్రెడర్లు’! రోగం ఎక్కువ అంటించేవాళ్ళని అర్థం. హైటెక్స్‌లో వరసలో నిలబడ్డవాడు తన ప్రాణం కాపాడుకోవటానికి వచ్చిన పౌరుడు. కూరగాయల బండి ఆడమనిషి ఇతరుల ప్రాణానికి ప్రమాదం గనక జాబితాకెక్కింది. అంటు గురించి వేల ఏళ్ళుగా మనమీద ఉన్న మాటే కొత్త ఇంగ్లీషు పేరు పెట్టుకొని వచ్చింది.

ఆ నడుమనే 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరం మునిగింది. చెరువుల కట్టలు తెగాయి, నాలాల పక్కన బస్తీలు మునిగాయి. ప్రభుత్వం కుటుంబానికి 10 వేల రూపాయలు ప్రకటించింది. జాబితాలో పేరు లేదని జనం రోడ్డెక్కారు, మీసేవ కేంద్రాల ముందు బారులు తీరారు. నవంబరు 18న మునిసిపల్ ఎన్నికల నియమావళి పేరు మీద పంపిణీ ఆగింది. కిరాయిదారుకు ఇంటి కాగితం ఉండదు, ఓనరు పేరే ఉంటది. గుడి అరుగు మీది బియ్యం మూట ఇప్పుడు కంప్యూటరు తెర మీదకు మారింది. అరుగెక్కలేనోడు అక్కడా కిందే నిలబడ్డాడు.

7. మేము అడుగుతున్నది

1988 ఆర్మేనియా భూకంపం తర్వాత దాదాపు 5 వేల టన్నుల మందులు అక్కడికి వచ్చిపడ్డాయి. చాలావాటి మీద రాసిన భాష అక్కడివాళ్ళకు తెలియదు, కొన్నిటికి గడువు తీరిపోయింది. 1992 నుంచి 1996 దాకా బోస్నియాకు వచ్చినవాటిలో 17 వేల టన్నులు పనికిరానివని అంచనా వేశారు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి నియమాలు రాసింది. అడిగిన మందే ఇవ్వాలి, చేరేటప్పటికి కనీసం ఏడాది గడువుండాలి, తమ దేశంలో పనికిరానిది ఇంకొకరికి పనికొస్తుందనే రెండు నాల్కల ధోరణి ఉండకూడదు. అంటే దానానికి కూడా పుచ్చుకునేవాడి వైపు నుంచి షరతులు పెట్టొచ్చని ప్రపంచం ఒప్పుకుంది. మనం ఎందుకు పెట్టకూడదు?

1932లో అంటరానివాళ్ళ సేవ కోసం పెట్టిన సంఘానికి అంబేద్కర్ ఒక లేఖ రాశాడు. వ్యక్తుల్ని బాగుచేసే సేవ కాదు, అంటరానివాళ్ళకు పౌరహక్కులు అమలు చేయించే పోరాటం మీ మొదటి పని కావాలని దాని సారాంశం. సంఘం వినలేదు. ఆ లేఖను ఈనాటి కంపెనీల చిరునామాకు మళ్ళీ పంపితే మా మూడు ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

జాబితా సంగతి: శిబిరం ఎక్కడ పెట్టాలో వాడలో కూర్చొని నిర్ణయించాలి. జాబితాను బస్తీ సభలో చదివి వినిపించాలి. ఇంటి కాగితం, పోయిన ఆస్తి కొలతలు కాకూడదు. మోసేవాళ్ళ సంగతి: తన ఆస్పత్రిలో ఊడ్చే మనిషికి పూర్తి జీతం, రక్షణ పరికరాలు, జబ్బు సెలవు, వైద్య బీమా ఇవ్వని కంపెనీ విపత్తు సాయాన్ని బాధ్యతగా చెప్పుకోకూడదు. లెక్క సంగతి: ఆ రెండు శాతంలో ఎంత దళిత బస్తీలకు, ఎంత ప్రభుత్వ ఆస్పత్రులకు పోయిందో కులాలవారీగా, ఊళ్ళవారీగా ప్రజల ముందు పెట్టాలి. సొంత ఆస్పత్రి పేరు పెంచుకునే శిబిరాన్ని అందులో కలపకూడదు. 2018 నుంచి నగరంలో పెట్టిన బస్తీ దవాఖానాలున్నాయి. విపత్తు రోజున మొదట చేరగలిగేది అవే. వాటికి డాక్టరు, మందు, పర్మినెంటు నర్సు ఉంటే వంద శిబిరాల పెట్టు.

2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచింది, బుడమేరు విజయవాడను ముంచింది. పత్రికల నిండా చెక్కులందించే ఫోటోలొచ్చాయి. నీళ్ళు తీసినాక బురద ఎత్తినవాళ్ళ ఫోటోలు తక్కువ. ఇంకో వరద వస్తుంది, ఇంకో రోగం వస్తుంది. అప్పటిలోగా చేయగల పని ఒకటి మన చేతిలోనే ఉంది. మీ ఇంట్లో, మీ వాడలో 1977లో శవాలు ఎత్తినవాళ్ళు, 2020లో ఆస్పత్రిలో, స్మశానంలో పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ పక్కన కూర్చోండి, వాళ్ళ మాట వాళ్ళ భాషలోనే రాయండి. విద్యార్థులు దీన్ని పరిశోధన అంశంగా తీసుకోవాలి, ఉపాధ్యాయులు పిల్లలచేత ఇంటి పెద్దల్ని అడిగించాలి, కార్యకర్తలు ఆ రాసినదాన్ని పట్టుకొని అధికారి దగ్గర లెక్క అడగాలి. చింతచెట్టు కింద చదవాల్సిన పేర్లు చాలా ఉన్నాయి.